తలకిందుల సిక్కా

చార్మినార్ బొమ్మ వున్న వెండి రూపాయి ఇప్పుడు సెల్‌ఫోన్లో దొరుకుతోంది. ఆన్‌లైన్ బజార్లో 'నిజాం కాయిన్' అని రాసి వెతికితే చాలు, పేజీలకు పేజీలు తెరుచుకుంటాయి. వెండి రూపాయి, ఎనిమిదణాలు, నాలుగణాలు, రాగి రెండు పైసలు, ఎప్పుడైనా ఒక అష్రఫీ. ప్రతి నాణేనికీ రెండు ఫొటోలు. చార్మినార్ వున్న వైపు సరిగ్గానే పెడతారు. మినార్లు పైకి వుండాలని ఎవరికైనా తెలుసు కదా. తిప్పితే కనబడే రెండో వైపే చాలాసార్లు తలకిందులుగా వుంటుంది. అక్కడ బొమ్మ లేదు, అక్షరాలే వున్నాయి. అమ్మేవాడికి ఆ అక్షరాలు రావు. కొనేవాడికీ రావు. కింద వివరం రాయాల్సిన చోట 'ఉర్దూ రైటింగ్' అనో, 'ఇస్లామిక్ కాయిన్' అనో, మరీ ఉత్సాహం వుంటే 'మొఘల్ రేర్' అనో రాసి ధర పెడతారు.

ఈ తలకిందుల ఫొటో గురించే మేం నాలుగు మాటలు రాయాలనుకున్నాం. అమ్మకం మాకు అభ్యంతరం కాదు. నాణెం పుట్టిందే చేతులు మారడానికి. కానీ ఒక జాతి చేతిలో రెండు వందల ఏళ్లు తిరిగిన నాణేన్ని ఆ జాతి మనవలే చదవలేని స్థితి ఎలా వచ్చిందో, చదవలేని దాన్ని ఎవరెవరు ఏ పేరు పెట్టి అమ్ముకుంటున్నారో చూడాల్సిన అవసరం వుంది. చరిత్ర పాఠంలో మా గురించి రాసిన నాలుగు వాక్యాల కంటే అరచేతిలో పట్టే ఈ బిళ్ల మీద ఎక్కువ సంగతులున్నాయి.

ముందు చదువుదాం. హాలీ సిక్కా రూపాయి తీసుకోండి. 'హాలీ' అంటే ప్రస్తుతం నడుస్తున్నది అని. ఇంగ్లీషు వాళ్ల రూపాయిని హైదరాబాద్ రాజ్యంలో కల్దార్ అనేవాళ్లు, మరమీద కొట్టింది కాబట్టి. వంద కల్దారు రూపాయలు కావాలంటే 116 హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైసలు ఇవ్వాలి. నోటి లెక్కకి ఏడు హాలీలకి ఆరు కల్దార్లు. సరిహద్దు దాటి బెజవాడకో షోలాపూర్‌కో వెళ్లే ప్రతి రైతుకీ, ప్రతి బేరగాడికీ ఈ లెక్క కంఠతా వుండేది. రూపాయి బరువు 11 గ్రాముల 18 సెంటిగ్రాములు. వెయ్యింట 818 పాళ్లు వెండి, మిగతాది కల్తీ. అంటే తొమ్మిది గ్రాముల పైచిలుకు అసలు వెండి.

చార్మినార్ ఈ నాణెం మీదికి ఎక్కింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో. టంకశాల సుల్తాన్‌షాహీ నుంచి సైఫాబాద్‌కి మారిన రోజులవి. చార్మినార్ మధ్య కమాను కింద ఒక అక్షరం వుంటుంది. 'మీమ్' వుంటే మహబూబ్. 'ఐన్' వుంటే ఉస్మాన్. ఆ ఐన్ పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి కూడా ఇప్పుడు సేకర్తల దగ్గర ధర మారుతుంది. చుట్టూ 'నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా బహాదుర్' అని వుంటుంది. అదే వైపు 92 అనే అంకె కనిపిస్తుంది. ఆన్‌లైన్లో చాలామంది దీన్ని సంవత్సరం అనుకుంటారు. కాదు. అరబ్బీలో ప్రతి అక్షరానికీ ఒక విలువ వుంది, ఆ లెక్కని అబ్జద్ అంటారు. మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. కలిపితే 92. ముహమ్మద్ అన్న పేరు. పేరు రాస్తే చేతులు మారేటప్పుడు, కింద పడ్డప్పుడు అమర్యాద అవుతుందని అంకెలోకి దాచిపెట్టారని మా పెద్దలు చెబుతారు.

రెండో వైపు, అంటే తలకిందులుగా పెట్టే వైపు, మధ్యలో 'యక్ రూపియా'. చుట్టూ పాలకుడు గద్దెనెక్కిన తర్వాత ఎన్నో ఏడో చెప్పే జులూస్ సంవత్సరం, ఆ తర్వాత 'జర్బ్ ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్'. శుభమైన పునాది గల హైదరాబాద్‌లో కొట్టింది అని. ఊరి పేరు ముందు ఇంత అందమైన విశేషణం వున్న సంగతి ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనలో ఎంతమందికి తెలుసు?

సంవత్సరం చదవడం రాక జరుగుతున్నది మరీ విచిత్రం. నాణెం మీద 1337 వుందనుకోండి. అది హిజ్రీ. దాన్ని 33తో భాగించి, వచ్చినదాన్ని అందులోంచే తీసేసి, 622 కలిపితే ఇంచుమించుగా క్రీస్తుశకం వస్తుంది. 1337 అంటే 1918-19. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు. అంకె మాత్రమే చదివినవాడు దాన్ని ఏడు వందల ఏళ్ల నాటి నాణెం అని ప్రకటించుకుంటాడు. ఏడు వందల ఏళ్ల కింద చార్మినార్ లేదన్న ఆలోచన కూడా రాదు. మా చరిత్ర ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో ఎవరికీ పట్టనప్పుడు 1337 అయినా 1918 అయినా ఒకటే.

ఈ నాణేలు బజారుకి ఎలా వస్తున్నాయో కూడా చెప్పాలి. పాతబస్తీ ఇళ్లల్లో, జిల్లాల్లోని పాత ముస్లిం వాడల్లో దాదీమా పెట్టెలో పది పదిహేను వెండి రూపాయలు గుడ్డమూటలో వుండేవి. ఆడపిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో, గల్ఫ్ వీసా ఏజెంటుకో మూట విప్పారు. తీసుకెళ్లింది షరాబు కొట్టుకి. షరాబు తూకం వేశాడు. కల్తీ పాళ్లు తీసేశాడు. వెండి ధర కట్టాడు. అందులో ఏ ఏడాది నాణెం తక్కువగా దొరుకుతుందో అతనికి తెలిస్తే పక్కన పెట్టుకున్నాడు, తెలియకపోతే కరిగించాడు. పక్కన పెట్టినదే ఇప్పుడు ఫోన్లోకి వస్తుంది, వెండి విలువకి ఎన్నో రెట్లకి. ఇందులో షరాబుని తిట్టాల్సిన పనిలేదు, అది అతని వ్యాపారం. అమ్మినవాళ్లకి చదవడం వచ్చి వుంటే బేరం ఇంకోలా వుండేది. ఉర్దూ చదువు ఇంట్లోంచి పోవడమంటే కవిత్వం పోవడం ఒక్కటే కాదు. ఇలా తూకం దగ్గర కూడా నష్టం వస్తుంది. మాలో దూదేకుల వాళ్లకీ, తెలుగు తప్ప మరో భాష ఎరగని పల్లెటూరి ముస్లిములకీ ఆ లిపి ఎన్నడూ అందలేదన్నది వేరే సంగతి. ఉర్దూ పోగొట్టుకున్నామని ఏడ్చే పట్నం వాళ్లు ఆ సంగతి ఒక్కసారన్నా గుర్తు చేసుకుంటే బాగుండు.

ఇక పేర్లు పెట్టడం దగ్గరికి వద్దాం. పార్సీ, అరబ్బీ లిపి కనబడితే చాలు, దానికి 'ఇస్లామిక్' అని ముద్ర. తమిళ లిపి వున్న నాణేన్ని ఎవరూ 'శైవ నాణెం' అనరు. విక్టోరియా రాణి బొమ్మ వున్నదాన్ని 'క్రైస్తవ నాణెం' అనరు. మాకు మాత్రం డబ్బుకి కూడా మతం అంటగడతారు. అక్కడితో ఆగదు. కొన్ని ప్రకటనల కింద 'దురాక్రమణదారుల నాణెం' అని కూడా రాసి వుంటుంది. దురాక్రమణదారుడు అని అంత గట్టిగా అనగలిగినవాడు నాణేన్ని ఒకసారి తిప్పి చూడాలి కదా.

ఘజ్నీ మహమూద్ పేరు వినని తెలుగువాడు లేడు. సోమనాథ్ దాడి తర్వాత రెండేళ్లకి, 1027-28లో, లాహోర్‌లో అతను వెండి దిర్హంలు కొట్టించాడు. ఒక వైపు అరబ్బీ, రెండో వైపు సంస్కృతం. కలిమాని సంస్కృతంలోకి తర్జుమా చేసి వేశారు. 'అవ్యక్తమేకం' అని దేవుణ్ని, 'ముహమ్మద అవతార' అని ప్రవక్తని. ప్రవక్తకి అవతారం అన్న మాట వాడటం ఇవాళ ఏ మౌల్వీ సాబ్ ఒప్పుకుంటాడు? అయినా వెయ్యేళ్ల కింద ఘజ్నీ పేరు మీద అది జరిగింది. ముహమ్మద్ ఘోరీ బంగారు నాణెం మీద కూర్చున్న లక్ష్మి వుంది, వెనకవైపు నాగరి లిపిలో అతని పేరుంది. హైదర్ అలీ బెదనూరు గెలిచాక అక్కడి వరహా మీదున్న శివపార్వతుల్ని అలాగే వుంచి రెండో వైపు తన పేరులోని 'హే' అక్షరం మాత్రం చేర్చాడు. అక్బర్ చివరి రోజుల్లో సీతారాముల బొమ్మలతో, నాగరిలో 'రామ సియ' అన్న మాటతో వచ్చిన నాణేలు ఇప్పుడు లోకంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. ఔరంగజేబు సంగతి ఇంకా తమాషా. అందరికంటే ఎక్కువగా 'ఇస్లామిక్' ముద్ర వేసేది ఆయన రూపాయికే. కలిమా మాత్రం వుండేది అక్బర్, షాజహాన్ నాణేల మీద. పవిత్ర వాక్యం అపవిత్రమైన చోట్ల పడుతుందని దాన్ని నాణెం మీంచి తీసేయించింది ఔరంగజేబే.

మా సెక్యులర్ మిత్రులు ఇక్కడ సంతోషపడి, చూశారా ఎంత సామరస్యమో అని వ్యాసం రాయబోతారు. కాస్త ఆగమంటాం. ఘోరీ లక్ష్మీ భక్తుడు కాదు. గెలిచిన చోట జనం దేన్ని డబ్బుగా గుర్తుపడతారో దాన్నే కొట్టించాడు. కొత్త బొమ్మ వేస్తే బజారు తీసుకోదు, పన్ను వసూలు కాదు. నాణెం రాజు మనసుని చెప్పదు, రాజు అవసరాన్ని చెబుతుంది. ఒక్క నాణెం చూపించి ఫలానా సుల్తాన్ మంచివాడని మేం రుజువు చేసుకోవాల్సిన పని లేదు. అతను చెడ్డవాడని రుజువు చేసి అతని పాపం మా నెత్తిన పెట్టే హక్కూ ఎవరికీ లేదు. రెండు వాదాలకీ ఒకే జబ్బు. రెండూ మమ్మల్ని సుల్తానుల వారసులుగానే చూస్తాయి.

తుగ్లక్ మాటకొస్తే, తెలుగులో ఆ పేరు తిట్టు అయిపోయింది. మంత్రి పిచ్చి జీవో ఇస్తే తుగ్లక్ అంటారు, ఆఫీసరు బదిలీలు చేస్తే తుగ్లక్ అంటారు. దానికి మూలం ఒక నాణెమే. 1329 నుంచి 1332 దాకా ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఇత్తడి, రాగి బిళ్లల్ని వెండి టంకాల విలువకి చెలామణీ చెయ్యమన్నాడు. లోహం విలువతో పని లేకుండా ప్రభుత్వం మాట మీద డబ్బు నడవాలన్న ఆలోచన. సుల్తాన్ మాట విన్నవాడు కరుణామయుడి మాట విన్నట్టే అని దాని మీద అరబ్బీలో రాయించాడు కూడా. ఇత్తడి బిళ్ల ఎవరైనా చేసుకోవచ్చు కాబట్టి దొంగ నాణేలు ముంచెత్తాయి. చివరికి వెనక్కి తీసుకుని ఖజానా లోంచి వెండి ఇచ్చాడు. మన జేబుల్లో ఇవాళ వున్న కాయితం ఆ ఆలోచనే కదా, దొంగముద్ర పడకుండా చూసుకునే ఏర్పాటు తప్ప. 2016 నవంబర్ 8 రాత్రి తర్వాత ఆ పేరు దేశంలో ఎన్నిసార్లు వినబడిందో మీకు గుర్తుండే వుంటుంది. తుగ్లక్ మార్చి ఇచ్చేటప్పుడు నిజం నాణెమా దొంగ నాణెమా అని పెద్దగా చూడలేదంటారు, అదొక్కటే తేడా. ఆ ఇత్తడి బిళ్లలు కూడా ఇప్పుడు ఆన్‌లైన్లో అమ్ముడవుతున్నాయి. వాటికీ దొంగవి వస్తున్నాయి. ఆరు వందల తొంభై ఏళ్ల తర్వాత దొంగ టోకెన్‌కి మళ్లీ దొంగ టోకెన్!

అదే తుగ్లకుల టంకశాలల పేర్లలో 'ముల్కె తిలంగ్' ఒకటి. తెలుగువాళ్ల దేశం పేరు నాణెం మీదికి ఎక్కిన తొలి సందర్భాల్లో అదొకటి. ఆదోని టంకశాల పేరు మొగలాయి నాణేల మీద ఇంతియాజ్‌గఢ్. గుత్తి పేరు టిప్పు నాణేల మీద ఫైజ్ హిసార్. కుతుబ్‌షాహీల రోజుల్లో హైదరాబాద్ దారుస్సల్తనత్. మచిలీపట్నంలో మొగలుల టంకశాల వుంది, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు అదే ఊళ్లో మొగల్ చక్రవర్తి పేరు మీదే రూపాయలు కొట్టారు. ఊళ్ల పేర్లు మార్చాలని ఊగిపోతున్న వాళ్లు నాణేల మీది పేర్లని ఏం చేస్తారో చూడాలి.

భాష సంగతి కూడా చెప్పి ముందుకి పోతాం. డబ్బు లెక్కలో తెలుగు నోట పలికే మాటలు చూడండి. నగదు, బాకీ, జమ, ఖర్చు, వసూలు, రసీదు, ఖజానా, ఖరీదు, చెలామణీ, షరాబు. దమ్మిడీ ఆదాయం లేదు క్షణం తీరిక లేదు అని విసుక్కునే మనిషి నోట్లో వున్నది దాం, దమ్‌డీ. ఇవన్నీ పరాయివని ఏరేస్తే కోమటి కొట్టులో పద్దు పుస్తకం ఆ పూటే ఆగిపోతుంది. ఈ మాటలు మాట్లాడే మనిషిని మాత్రం పరాయివాడు అనొచ్చు.

దొంగ నాణేల సంగతి వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఆన్‌లైన్ బజారులో సొమ్ము పోగొట్టుకుంటున్నది ఎక్కువగా మనలాంటి బీదా బిక్కీ. మొదటి దొంగ ఈస్టిండియా కంపెనీయే అంటే ఆశ్చర్యపోకండి. రెండో ఆలంగీర్ 1759లో హత్య అయ్యాడు. చెన్నపట్నం కంపెనీ ఆయన పేరు మీదే, 1172 హిజ్రీ అన్న పాత సంవత్సరంతోనే పంతొమ్మిదో శతాబ్దంలోకి వచ్చి కూడా అర్కాటు రూపాయలు కొడుతూ పోయింది. ఇంగ్లీషువాడి ముఖం వుంటే జనం తీసుకోరు. 1835లో గానీ నాలుగో విలియం బొమ్మ వెయ్యడానికి ధైర్యం రాలేదు. నిజాంలూ అంతే. 1857 తిరుగుబాటు ఓడిపోయి బహదుర్‌షా జఫర్‌ని దించేసేదాకా ఢిల్లీ పాదుషా పేరే వేసి, ఒక మూల తమ పేరులోని ఒక్క అక్షరం పెట్టుకునేవాళ్లు. 1858 నుంచే ఆసఫ్ జా పేరు, ఆ 92.

ఇప్పుడు అదే కంపెనీ పేరు మీద రామదర్బారు వున్న 'అర్ధణా, 1818' అమ్ముతున్నారు. హనుమంతుడున్నదీ వుంది. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. అవి పూజ గదిలో పెట్టుకోవడానికి తర్వాత ఎవరో చేసిన బిళ్లలు. 1616 అని వేసినవి కూడా వున్నాయి, కంపెనీకి ఇక్కడ గట్టిగా కొట్టు కూడా లేని రోజుల తారీఖు. వీటికి బియ్యం గింజల్ని లాగే శక్తి వుందని, లోపల ఇరీడియం వుందని, విదేశాల్లో కోట్లకి కొంటారని చెప్పే ముఠాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదేపదే పట్టుబడ్డాయి. రైస్ పుల్లింగ్ అంటే ఇప్పుడు పోలీస్ స్టేషన్లో ఒక కేసు పేరు. భూమి అమ్మి ఆ బిళ్ల కొన్నవాళ్లున్నారు.

మాకు ఎర వేరు. 786. బిస్మిల్లాకి అబ్జద్ లెక్క. 1975లో 'దీవార్' సినిమాలో కూలీ చేతి బిళ్ల మీద ఆ నంబరు వచ్చాక హిందువులకీ అది అదృష్టం అయిపోయింది. చివర 786 వున్న నోటు మీ దగ్గర వుంటే మూడు లక్షలు అని ఒక కబురు, వైష్ణోదేవి బొమ్మ వున్న అయిదు రూపాయల నాణెం వుంటే పది లక్షలు అని ఇంకో కబురు. ఒకటి మా ఫోన్లకి, ఇంకోటి వాళ్ల ఫోన్లకి. పంపేవాడు ఒక్కడే కావచ్చు. మోసానికి మతసామరస్యం ఎక్కువ. అమ్ముతానని నోటు ఫొటో పెట్టగానే ఫోన్ వస్తుంది. కొంటాం, కానీ ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ, కమీషన్ కట్టాలంటారు. రిజర్వ్ బ్యాంక్ ముద్ర వున్న ఉత్తరం కూడా పంపిస్తారు. 2021 ఆగస్టు 4న రిజర్వ్ బ్యాంకే ప్రకటన చెయ్యాల్సి వచ్చింది. పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తమకి సంబంధం లేదని, ఎవరి దగ్గరా ఏ ఫీజూ వసూలు చెయ్యమని, తమ పేరు వాడే హక్కు ఎవరికీ ఇవ్వలేదని. ఆ ప్రకటన ఇంగ్లీషు పత్రికల్లో వచ్చింది. 786 నోటు కబురు ఉర్దూలో, తెలుగులో వచ్చింది. ఎవరికి ఏది చేరిందో చెప్పక్కర్లేదు. ఆ నంబరుని మతపరంగా వాడటమే సరికాదనే ఆలిములు మాలోనే చాలామంది వున్నారు. అయినా అల్లా పేరు మీద మూడు లక్షలు వస్తాయంటే ఎవరి చెయ్యి ఆగుతుంది? ఆకలిగా వున్నవాడి ఆశని చూసి నవ్వడం మాకు చేతకాదు.

చట్టం గురించి కూడా తెలుసుకోవాలి. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం. వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు అని, దాన్ని దేశం దాటించకూడదని, పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు వుండాలని 1972 చట్టం. దాదీమా మూటలో రూపాయి 1918దైతే అది పురావస్తువు అయిపోయింది. దుబాయ్‌లోనో షికాగోలోనో వున్న కొడుకు సరదాపడి పంపమంటే పంపడానికి లేదు. పెద్దవాళ్ల సంగతి వేరే. జహంగీర్ 1613లో ఆగ్రాలో కొట్టించిన వెయ్యి తులాల మొహర్, దాదాపు 12 కిలోల బంగారం, పళ్లెమంత నాణెం, 1987లో జెనీవాలో వేలానికి వచ్చింది. నిజాం వారసుల దగ్గర్నించి వెళ్లిందని అన్నారు. సీబీఐ దర్యాప్తు చేసింది. 2022లో కేంద్రం మళ్లీ ఆరా తీస్తోందని పత్రికలు రాశాయి. పన్నెండు కిలోలు దేశం ఎలా దాటిందో ఇప్పటిదాకా తేలలేదు.

నిజాం బంగారం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. 1965 యుద్ధమప్పుడు ఏడో నిజాం అయిదు వేల కిలోల బంగారం దేశానికి దానం చేశాడని మా వాళ్లు ప్రతి సభలో చెబుతారు. ఫొటో పెట్టి వాట్సాప్‌లో తిప్పుతారు. సమాచార హక్కు కింద బయటికొచ్చింది వేరు. 425 కిలోలు, జాతీయ రక్షణ గోల్డ్ బాండ్లలో, ఆరున్నర శాతం వడ్డీకి పెట్టుబడి. అది దానం కాదు. పెట్టుబడి పెట్టడం నేరమూ కాదు. మరి ఈ అయిదు వేల కిలోల కథ మాకెందుకు కావాల్సి వచ్చింది? ఎవడో వచ్చి నీ దేశభక్తి చూపించు అన్నప్పుడు జేబులో ఏమీ లేనివాడు రాజుగారి ఖజానా వైపు చెయ్యి చూపిస్తాడు. ఆ ఖజానాలో మా తాతలకి దమ్మిడీ వాటా లేదు.

ఇక్కడే మా అసలు పేచీ. ఉస్మాన్ పేరులోని ఐన్ వున్న రూపాయి విసునూరు దేశ్‌ముఖ్ గల్లాపెట్టెలో వుంది. కామారెడ్డిగూడెం షేక్ బందగీ అనే బీద ముస్లిం రైతు చేతిలోనూ అదే రూపాయి, వున్నప్పుడు. తన భూమి కోసం దేశ్‌ముఖ్ మీద కోర్టులకెక్కి 1940లో హత్యకి గురైనవాడు బందగీ. అతన్ని చంపింది రాజ్యం లేని హిందువులూ కాదు, అతన్ని కాపాడింది ముస్లిం రాజ్యమూ కాదు. పత్రికాఫీసులో జీతం తీసుకున్న షోయబుల్లా ఖాన్ జేబులోనూ ఆ సిక్కాయే వుండేది, రజాకార్లు 1948 ఆగస్టులో అతన్ని నరికి చంపేదాకా. ఆన్‌లైన్ ప్రకటనలో 'రాయల్ నిజాం' అని రాస్తే మాకు ఒళ్లు మండేది అందుకే. ఆ నాణేన్ని అరిగేలా వాడింది నిజాం కాదు. ఆయన ముట్టుకుంది అష్రఫీలు. ఈ రాగి పైసల అంచులు అరిగింది బీడీలు చుట్టేవాళ్ల, దూదేకేవాళ్ల, రిక్షా తొక్కేవాళ్ల, వెట్టి చేసేవాళ్ల చేతుల్లో. సేకర్త భాషలో అరిగిన నాణేనికి ధర తక్కువ. ఎవరూ వాడకుండా దాచినదానికి ఎక్కువ.

హాలీ సిక్కా అంతం కూడా చప్పుడు లేకుండా జరిగింది. చివరి నాణేల మీద 1368 హిజ్రీ, అంటే 1948-49. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. ఊళ్లు వదిలి పారిపోయినవాళ్లు కుండల్లో రూపాయలు పెట్టి గోడల కింద పాతిపెట్టారని, తిరిగి వచ్చి తవ్వుకున్నవాళ్లు కొందరని, రానివాళ్లే ఎక్కువని మా ఇళ్లల్లో చెప్పుకునేవాళ్లు. ఆ రోజుల్లో ఎంతమంది చచ్చిపోయారో సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదిక 2013 దాకా జనానికి అందుబాటులోకి రాలేదు. ఇరవై ఏడు వేల నుంచి నలభై వేలని ఆ కమిటీ అంచనా. ఇవాళ పునాది తవ్వుతుంటే కుండ దొరికిందన్న వార్త వచ్చినప్పుడు అందరూ ఎంత విలువ అని అడుగుతారు. పాతిపెట్టినవాళ్లు ఏమయ్యారని అడిగినవాళ్లని మేం చూడలేదు. 1950 తర్వాత భారత రూపాయి పక్కన హాలీ కొన్నేళ్లు నడిచింది. 1959 నాటికి పూర్తిగా పోయింది. నాలుగు భాషల్లో, తెలుగులో కూడా విలువ రాసి వున్న హైదరాబాద్ కాయితం నోటూ పోయింది. సైఫాబాద్ టంకశాల 1950లో కేంద్రం చేతికి వెళ్లింది, 1997లో చర్లపల్లికి మారింది. పాత భవనంలో 2022 జూన్‌లో మ్యూజియం పెట్టారు. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోనూ కుప్పలు కుప్పలుగా నాణేలున్నాయి. టికెట్టు కొని వెళ్లి చూడండి, పిల్లల్ని తీసుకెళ్లండి. ఐన్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి.

కుతుబ్‌షాహీల రాగి నాణేల్లో ఒక రకం వుంది. 1068 హిజ్రీ, 1657-58 తారీఖుతో. ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చి వెళ్లిన మరుసటి రోజులు. దాని మీద రాజు పేరు లేదు. 'ఖుతిమ బిల్ ఖైర్ వస్సఆదత్' అని వుంది. శుభంగా, సౌభాగ్యంగా ముగిసింది అని. గోల్కొండ పడిపోవడానికి ఇంకా ముప్పై ఏళ్లుంది. ఆ మాట ఎందుకు వేశారో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆన్‌లైన్లో ఆ నాణెం చవకే, రాగి కదా.

మా ఇళ్లల్లో నాణెం పని ఇంకా పూర్తిగా అయిపోలేదు. ప్రయాణం పోయేవాళ్ల జబ్బకి గుడ్డలో నాణెం చుట్టి ఇమామ్ జామిన్ కడతారు. చేరాక విప్పి ఎవరైనా లేనివాళ్లకి ఇస్తారు. అందులో కట్టేది ఏ కాలపు నాణెమైనా సరే. నికాలో ఖాజీ మహర్ చదివేటప్పుడు మొత్తం చెప్పి 'సిక్కా రాయిజుల్ వఖ్త్' అంటాడు. ఆ రోజున ఏ సిక్కా నడుస్తుంటే ఆ సిక్కా అని అర్థం. మా నానమ్మల నికానామాల్లో ఆ మాటకి అర్థం హాలీ. మా అమ్మల నికానామాల్లో మూడు సింహాలు. ఇప్పటి పిల్లలకి ఫోన్లో పంపే రూపాయలు. మహర్ మొత్తం చెప్పాక ఖాజీ 'దీనార్ సుర్ఖ్' అని కూడా కలుపుతాడు, ఎర్ర బంగారు దీనార్లు. ఎవరూ చూడలేదు, ఎవరూ ఇవ్వలేదు. పెళ్లికూతురు తరఫు వకీలు మాత్రం ఆ దీనార్లతో సహా ఒప్పుకున్నట్టు సంతకం పెట్టిస్తాడు.